కారు కంప్యూటర్‌ను ఇంట్లో రీసెట్ చేసుకునేవారి కోసం

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ గుర్తు వెలిగితే బ్యాటరీ నెగటివ్ వైరును ఒక పావుగంట ఊడదీసి మళ్లీ బిగించమనే సలహా, కారున్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. ఆ పని చేస్తే చాలా కార్లలో లైటు ఆరిపోతుందన్నది నిజమే. కానీ లైటు ఆరడం వేరు, అది వెలగడానికి కారణమైన లోపం పోవడం వేరు. ఇంజిన్ కంప్యూటర్‌ను రీసెట్ చేయడం ఇంట్లో ఎవరైనా జాగ్రత్తగా చేసుకోదగిన పనే. దానికి పెద్ద చదువూ అక్కర్లేదు, గ్యారేజీలో ఉండే భారీ పరికరాలూ అక్కర్లేదు. అయితే ఆ పనికి ఒక వరుస ఉంది. ముందు కంప్యూటర్ ఏం రాసి పెట్టుకుందో చదవాలి, తర్వాత లోపాన్ని బాగుచేయాలి, ఆ తర్వాతే చెరపాలి. నా కారు పనులు వీలైనంతవరకు నేనే చేసుకుంటాను, బంధువులూ స్నేహితులూ లైటు వెలగగానే ఫొటో తీసి నాకు పంపుతుంటారు. వారిలో ఎక్కువమంది నన్ను అడిగేది లైటు ఎలా ఆర్పాలని. ఎందుకు వెలిగిందని అడిగేవారు తక్కువ. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా రాయాలనిపించింది.

రీసెట్ అంటే ఏం చెరిగిపోతుందో, ఏం చెరగదో తెలియాలంటే ఆ కంప్యూటర్ మెమరీలో ఏముంటుందో తెలియాలి. 1979లో బాష్ సంస్థ మోట్రోనిక్ అనే వ్యవస్థతో ఇంధనం చిమ్మే పనినీ, స్పార్కు ఇచ్చే పనినీ ఒకే డిజిటల్ కంప్యూటర్‌కు అప్పగించింది. దానితో మొదట వచ్చిన కారు బీఎండబ్ల్యూ 732ఐ. మన మెకానిక్‌లు ఈసీయూ, ఈసీఎం అని పిలిచే నేటి పెట్టెలన్నీ అదే దారిలో వచ్చినవి. వాటిలో మొదటి రకం సమాచారం తయారీదారు రాసిన ప్రోగ్రామ్. ఏ వేగానికి, ఏ లోడుకు (ఇంజిన్ మీద పడే భారానికి) ఎంత ఇంధనం, ఎప్పుడు స్పార్కు అనే మూల పట్టికలన్నీ అందులో ఉంటాయి. బ్యాటరీ తీసినా, కారు కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్ అనే పరికరంతో చెరిపినా అది చెక్కుచెదరదు. తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ సమాచారం కూడా శాశ్వత మెమరీలోనే ఉంటుంది కాబట్టి, రీసెట్ చేస్తే బండి తన తాళాన్నే మరిచిపోతుందేమోనన్న భయం సాధారణంగా అక్కర్లేదు. రెండో రకం, నడుస్తూ నడుస్తూ కంప్యూటర్ తనంతట తాను నేర్చుకున్న దిద్దుబాట్లు. మూడో రకం, లోపాల రికార్డు. రీసెట్ ప్రభావమంతా ఈ రెండింటి మీదే. పాత కార్లలో ఇవి బ్యాటరీ కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో ఉండేవి, అందుకే వైరు తీస్తే పోయేవి. కొత్త కార్లలో చాలామటుకు కరెంటు లేకపోయినా నిలిచే చిప్పుల్లోకి మారాయి. వైరు తీసినా లైటు ఆరలేదని కొందరు ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే.

నేర్చుకున్న దిద్దుబాట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంజిన్ కంప్యూటర్ పనితనమంతా ఇక్కడే కనిపిస్తుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు ప్రకారం ఒక పాలు ఇంధనానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. కంప్యూటర్ మూల పట్టిక చూసి ఇంజెక్టర్‌ను కొన్ని మిల్లీసెకన్ల పాటు తెరుస్తుంది. ఆ మంట ఎలా మండిందో సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. మామూలు రకం సెన్సర్ ఇంధనం ఎక్కువైతే 0.9 వోల్టుల దగ్గరికి, గాలి ఎక్కువైతే 0.1 వోల్టు దగ్గరికి వెళుతుంది. ఇంజిన్ వేడెక్కాక కంప్యూటర్ ఈ సంకేతాన్ని చూస్తూ క్షణక్షణం ఇంధనాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, దీన్ని షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఆ సవరణ ఎప్పుడూ ఒకే వైపు మొగ్గుతోందని గమనిస్తే దాన్ని లాంగ్ టర్మ్ ట్రిమ్‌గా రాసి పెట్టుకుంటుంది. సెన్సర్లు కాస్త పాతబడటం, ఇంజెక్టర్లలో కొంచెం మడ్డి చేరడం, ఇంధనం రకంలో తేడా రావడం వంటి చిన్నచిన్న మార్పులన్నిటినీ బండి ఇలా సర్దుకుపోతుంది. ఈ అంకె సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే సాధారణంగా కంగారు పడనక్కర్లేదు. 20, 25 శాతం దాకా పోయిందంటే సర్దుకునే శక్తి అయిపోవచ్చిందని అర్థం, చాలా కార్లలో పసుపు లైటు వెలిగేది అక్కడే.

యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడిచే ఐడ్లింగ్‌లో, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ తలుపు ఎంత తెరిచి ఉంచాలో, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఏ క్లచ్‌కు ఎంతసేపు నూనె నింపితే గేరు కుదుపు లేకుండా పడుతుందో కూడా కంప్యూటర్లు ఇలాగే నేర్చుకుంటాయి. రీసెట్ చేసినప్పుడు ఈ నేర్పంతా, లేదా అందులో కొంత, పోతుంది. రీసెట్ చేశాక బండికి పికప్ పెరిగిందని చెప్పేవారు ఉంటారు. దిద్దుబాట్లు తప్పుదారి పట్టి ఉన్న బండిలో కొన్నాళ్లపాటు తేడా కనిపించే మాట నిజమే, కానీ ఆరోగ్యంగా ఉన్న బండిలో రీసెట్ వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. అది మళ్లీ నేర్చుకుని ఉన్న చోటికే వస్తుంది. నెలకోసారి శుభ్రం కోసం రీసెట్ చేసే అలవాటు ఉన్నవారు దాన్ని మానుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక లోపాల రికార్డు. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరైన, కారు తన లోపాలను తానే గుర్తించి చెప్పే ఓబీడీ-2 ప్రమాణం ఇప్పుడు దాదాపు ప్రపంచమంతా పాకింది. స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాళ్లకు దగ్గర్లో ఉండే 16 పిన్నుల సాకెట్ దానిదే. అందులో చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో యాప్ తెరిస్తే అదే స్కానర్ అవుతుంది, లోపం కోడ్ కనిపిస్తుంది. కోడ్‌లో మొదటి అక్షరం పీ అయితే ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు, బీ అయితే బాడీకి, సీ అయితే బ్రేకులు, స్టీరింగ్ వంటి వాటికి, యూ అయితే కంప్యూటర్ల మధ్య సంభాషణకు సంబంధించినది. ఆ అక్షరం తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్, ఒకటి అయితే ఆ తయారీదారు సొంత కోడ్. పీ0300 అంటే సిలిండర్లలో మంట తప్పుతోందని, పీ0171 అంటే మొదటి బ్యాంకులో, అనగా సిలిండర్ల మొదటి వరుసలో, గాలి పాలు ఎక్కువై ఇంధనం పాలు తగ్గిందని, పీ0420 అంటే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పని సరిపోవడం లేదని చెబుతాయి. కోడ్ చెప్పేది లక్షణాన్ని మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ఏ భాగం మార్చాలో అది చెప్పదు. పీ0171 చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం రోగమొకటి మందొకటి అన్నట్టే ఉంటుంది, ఎందుకంటే గాలి ఎక్కువైందని ఆ సెన్సర్ తరచుగా నిజమే చెబుతూ ఉంటుంది.

కోడ్‌తో పాటు కంప్యూటర్ ఇంకొకటి దాస్తుంది, దాని పేరు ఫ్రీజ్ ఫ్రేమ్. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం ఎంత, బండి వేగం ఎంత, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి ఎంత, లోడు ఎంత, ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు ఎంత అనేవన్నీ అందులో ఉంటాయి. సంఘటన జరిగిన చోట అప్పటికప్పుడు రాసిన పంచనామా లాంటిది అది. బ్యాటరీ వైరు తీసినా, స్కానర్‌లో ఎరేజ్ నొక్కినా మొదట పోయేది ఇదే, పోయాక దాన్ని తిరిగి తెచ్చుకునే మార్గం లేదు. రీసెట్ చేయాలనుకునేవారిని నేను ముందుగా ఆపేది ఈ ఒక్క కారణంతోనే.

దీని విలువ ఎంతో ఒక ఉదాహరణ చెబుతాను. మా బావగారి కారులో పసుపు లైటు వెలగడం, ఆయన వైరు తీసి పెట్టడం, కొన్నాళ్లకు మళ్లీ వెలగడం చాలాకాలంగా జరుగుతూ వచ్చింది. ఈసారి ఏమీ ముట్టుకోవద్దని ఆయనకు చెప్పి, అడాప్టర్ పెట్టి చూశాను. కోడ్ పీ0171. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో బండి వేగం సున్నా, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంది, కూలెంట్ పూర్తిగా వేడెక్కి ఉంది, లాంగ్ టర్మ్ ట్రిమ్ 20 శాతం దాటి ఉంది. అంటే బండి ఆగి ఉన్నప్పుడు లోపం ఎక్కువగా ఉంది. ఇంజిన్ నడుస్తుండగా లైవ్ డేటా తెరిచి, యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే, షార్ట్ టర్మ్ ట్రిమ్ బాగా కిందికి దిగి, రెండు ట్రిమ్‌ల మొత్తం మామూలు హద్దుల్లోకి వచ్చింది. లెక్కకు రాని గాలి ఎక్కడి నుంచో దూరుతోందన్నమాట. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి దొంగదారిన వచ్చే గాలి వాటా పెద్దదిగా కనిపిస్తుంది. వేగం పెరిగేకొద్దీ అసలు గాలి ఎక్కువై ఆ వాటా చిన్నదవుతుంది. అదే ఫ్యూయల్ పంపు బలహీనపడినా, గాలిని కొలిచే సెన్సర్ మురికిపట్టి తక్కువ చూపిస్తున్నా సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పైకి పోతుంది.

బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ పెట్టె నుంచి థ్రాటిల్ దాకా వెళ్లే రబ్బరు హోస్‌ను పట్టుకుని చూశాం. పైనుంచి చూస్తే దానికి ఏమీ కాలేదు. అకార్డియన్ మడతల్లా ఉండే భాగాన్ని చేత్తో పక్కకు వంచి, కింది వైపు టార్చి వేస్తే, ఒక మడత లోయలో గోరంత పొడవున చీలిక కనిపించింది. హోస్‌ను వదిలితే మూసుకుపోతోంది, వంచితే నోరు తెరుస్తోంది. ఇంజిన్ తన మౌంటింగుల మీద కదిలినప్పుడల్లా అది తెరుచుకుంటూ ఉండి ఉంటుంది. ఆ హోస్ మార్చాక చేసిన రీసెట్టే చివరిది. ఆక్సిజన్ సెన్సర్ మార్చమని ఆయనకు అంతకుముందే ఒకరు సలహా ఇచ్చారట. మార్చి ఉంటే కొత్త సెన్సర్ కూడా పాత మాటే చెప్పేది. వైరు తీసిన ప్రతిసారీ ఆయన కారు తన సాక్ష్యాన్ని కోల్పోతూ వచ్చింది, లేకపోతే ఈ చీలిక ఎప్పుడో దొరికేది.

అందువల్ల చెరపడానికి ముందు కోడ్‌నూ, ఫ్రీజ్ ఫ్రేమ్‌లోని అంకెలన్నింటినీ స్క్రీన్‌షాట్ తీసి గానీ, కాగితం మీద రాసి గానీ దాచుకోవాలి. పెండింగ్ కోడ్‌ల పేజీ కూడా తెరిచి చూడాలి. చాలా లోపాలకు కంప్యూటర్ ఒక ప్రయాణంలో గమనించి పెండింగ్‌గా రాసుకుని, మరుసటి ప్రయాణంలోనూ కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. లైటు వెలగకపోయినా అక్కడ సమాచారం ఉండవచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. లోపం నిజంగా పోయి ఉంటే రీసెట్ చేయకపోయినా లైటు దానంతటదే ఆరిపోతుంది. ఆ లోపం గురించి కంప్యూటర్ తానే చేసుకునే పరీక్ష వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లలో, అంటే స్టార్ట్ చేసి నడిపి ఆపిన మూడు ప్రయాణాల్లో, సవ్యంగా ముగిస్తే కంప్యూటర్ లైటు ఆర్పుతుంది. ఆ తర్వాత లోపం మళ్లీ కనబడకుండా 40 సార్లు ఇంజిన్ చల్లబడి వేడెక్కితే కోడ్‌ను కూడా తీసేస్తుంది. పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగించకపోవడం వల్ల ఆవిరి లీకు కోడ్ వచ్చినవారు మూత బిగించి కొన్నాళ్లు ఓపిక పడితే చాలు. లైటు అదేపనిగా మిణుకుమిణుకుమంటూ ఉంటే మాత్రం అది పూర్తిగా వేరే సంగతి. మండని ఇంధనం క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేసే స్థాయిలో మంట తప్పుతోందని దాని అర్థం. అప్పుడు యాక్సిలరేటర్ వదిలి, వీలైనంత త్వరగా సురక్షితమైన చోట బండి ఆపాలి. దానికి రీసెట్ మందు కానే కాదు.

రీసెట్ నిజంగా అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. థ్రాటిల్ బాడీ విప్పి మసి శుభ్రం చేస్తే, మసి ఉన్నప్పటి లెక్కతో తలుపు ఎక్కువ తెరిచి ఉంచే అలవాటు కంప్యూటర్‌కు మిగిలిపోయి ఐడ్లింగ్ హెచ్చుగా ఉంటుంది. గాలిని కొలిచే సెన్సర్‌నో, ఇంజెక్టర్లనో మార్చినా, పైన చెప్పినట్టు లీకు మూసినా, పాత దిద్దుబాటు కొత్త పరిస్థితికి సరిపడదు. అది మెల్లగా సర్దుకునేదే అయినా ఆలోపు బండి తిన్నగా నడవకపోవచ్చు కాబట్టి చెరపడం సబబు. పాత కోడ్ మళ్లీ వస్తుందో లేదో తేటగా తెలుసుకోవడానికి కూడా మరమ్మతు తర్వాత చెరపడం మంచిదే.

ఈ పనికి స్కానరే సరైన పరికరం. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, అడాప్టర్ కలిపి, క్లియర్ కోడ్స్ అనే ఆదేశం ఇస్తే కోడ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్, పరీక్షల స్థితి చెరిగిపోతాయి. చాలా కార్లలో ఫ్యూయల్ ట్రిమ్‌లు కూడా సున్నాకు వస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా ఆ ఆదేశాన్ని చాలా కార్లు తీసుకోవు. గడియారం, రేడియో, కిటికీల అమరికలు వేటికీ ఇబ్బంది రాదు. చవకైన అడాప్టర్లు, మామూలు యాప్‌లు ఉమ్మడి ప్రమాణం కిందికి వచ్చే ఇంజిన్ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. ఎయిర్‌బ్యాగులకు, ఏబీఎస్ బ్రేకులకు విడి కంప్యూటర్లు, విడి రికార్డులు ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ లైటును ఇంట్లో ఆర్పే ప్రయత్నం ఏ రకంగానూ చేయకూడదని గట్టిగా చెబుతాను. సర్వీసుకు సమయమైందని గుర్తుచేసే సందేశం కూడా లోపం కోడ్ కాదు, దాన్ని చాలా కార్లలో డాష్‌బోర్డు మెనూలోనే సరిచేయవచ్చు. డీజిల్ బండిలో మసి ఫిల్టర్ నిండిందనే హెచ్చరికను చెరిపితే ఫిల్టర్‌లోని మసి తగ్గదు. లెక్క ఒక్కటే తప్పుతుంది, మసి మరీ ఎక్కువగా పేరుకున్నాక ఒక్కసారిగా కాలితే ఫిల్టరే కరిగిపోయే ప్రమాదం ఉంటుంది.

స్కానర్ లేనప్పుడు, లేదా స్కానర్‌తో చెరగని నేర్పును చెరపాల్సి వచ్చినప్పుడు బ్యాటరీ పద్ధతి మిగులుతుంది. దీన్ని చులకనగా తీసుకోకూడదు. కొన్ని బండ్లలో బ్యాటరీ తిరిగి కలిపాక రేడియో రహస్య కోడ్ అడుగుతుంది కాబట్టి అది దగ్గర ఉందో లేదో ముందే చూసుకోవాలి. డ్రైవరు వైపు అద్దం కాస్త దించి ఉంచాలి. తాళంచెవి జేబులోనే ఉండాలి, కారులో వదిలేయకూడదు. బ్యాటరీ డిక్కీలో ఉండి, ఆ డిక్కీ కరెంటుతో తెరుచుకునేదైతే, పని పూర్తయ్యేవరకు దాని మూత వేయకూడదు. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ తీసి, తలుపులు మూసి కొద్దిసేపు ఆగాలి. తాళం తీసిన తర్వాత కూడా కారులోని చిన్న కంప్యూటర్లు కొన్ని నిమిషాలపాటు మెలకువగానే ఉండి తమ లెక్కలు రాసుకుంటాయి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. ఆల్టర్నేటర్ ఉత్పత్తి చేస్తున్న కరెంటును పీల్చుకునే బ్యాటరీ ఒక్కసారిగా లేకుండాపోతే వోల్టేజీ క్షణకాలం అనేక రెట్లు ఎగబాకి, కాపాడుకుందామనుకున్న కంప్యూటరే కాలిపోవచ్చు.

ఉంగరాలు, లోహపు గడియారం తీసేసి, సాధారణంగా 10 ఎంఎం పానాతో ముందుగా నెగటివ్ టెర్మినల్ నట్టు వదులు చేయాలి. ముందు నెగటివ్ అనడానికి కారణం ఉంది. కారు లోహపు శరీరమంతా నెగటివ్‌కు కలిపి ఉంటుంది. నెగటివ్ ఇంకా బిగించి ఉండగా పాజిటివ్ నట్టు విప్పితే, పానా రెండో కొస శరీరానికి తగిలిన క్షణం బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది, పానా ఎర్రగా కాలుతుంది, బ్యాటరీ దగ్గర ఉండే హైడ్రోజన్ అంటుకోనూవచ్చు. నెగటివ్ విప్పుతున్నప్పుడు పానా శరీరానికి తగిలినా రెండు కొసలూ ఒకే చోట ఉన్నట్టే కాబట్టి ఏమీ కాదు. క్లాంపును బలంగా పీకకుండా, నట్టు బాగా వదులు చేసి, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ పైకి తీయాలి. బండి ఆగినప్పుడు ఇంజిన్‌ను తనంతట తానే ఆపి మళ్లీ స్టార్ట్ చేసే స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో ఆ క్లాంపు మీదే బ్యాటరీ సెన్సర్ అనే చిన్న నల్లటి భాగం ఉంటుంది; స్క్రూడ్రైవర్ పెట్టి పైకి లేపితే అది విరుగుతుంది. తీసిన క్లాంపు మళ్లీ టెర్మినల్ మీద వాలకుండా పొడి గుడ్డ చుట్టి పక్కకు పెట్టాలి. ఇది సరిపోతుంది, పాజిటివ్ తీయనక్కర్లేదు. లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోవడానికి హెడ్‌లైట్ స్విచ్ కాసేపు ఆన్ చేసి మళ్లీ ఆఫ్ చేసేవారున్నారు, అందులో హాని లేదు. రెండు కేబుళ్ల కొసలనూ ఒకదానికొకటి తాకించే పద్ధతిని మాత్రం నేను చేయను, చేయమని చెప్పను. చేతి పొరపాటున ఒక కొస బ్యాటరీకి తగిలితే జరిగే నష్టం ముందు ఆదా అయ్యే పది నిమిషాలు లెక్కలోకే రావు. పావుగంట నుంచి అరగంట ఆగి, అన్ని స్విచ్‌లూ ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని, క్లాంపును ఒకే కదలికలో కూర్చోబెట్టి బిగించాలి. కలపగానే అలారం మోగితే తాళంచెవి బటన్‌తో ఆపవచ్చు. ఈసీయూ ఫ్యూజు తీసి పెట్టడం కూడా కొన్ని కార్లలో ఇదే పని చేస్తుంది, కానీ ఏ ఫ్యూజు దేనిదో మాన్యువల్‌లో తేటగా ఉంటేనే దాని జోలికి పోవాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. దాని విషయంలో ఆ కారు మాన్యువల్ చెప్పిన క్రమాన్నే పాటించాలి, నారింజ రంగు తొడుగున్న కేబుళ్లను తాకనే కూడదు.

రీసెట్ తర్వాత బండి కొంత తేడాగా ఉంటే కంగారుపడి మళ్లీ వైరు తీస్తే మొదటికే మోసం వస్తుంది. ఏసీ, లైట్లు ఆపి ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తాకకుండా పూర్తిగా వేడెక్కేవరకు ఐడ్లింగ్‌లో వదలాలి. ఆ తర్వాత ఏసీ వేసి ఇంకొంతసేపు ఉంచితే, ఆ అదనపు భారంతో ఐడ్లింగ్ నిలపడం కూడా నేర్చుకుంటుంది. కొన్ని మోడళ్లలో థ్రాటిల్ కొత్తగా నేర్చుకోవడానికి తయారీదారు ప్రత్యేక క్రమం చెబుతాడు, కొన్నింటికి గ్యారేజీ స్కానర్ తప్పదు. పవర్ విండోలు ఒక్క నొక్కుతో పైకి వెళ్లకపోతే, చాలా కార్లలో అద్దం పూర్తిగా ఎక్కాక కూడా స్విచ్‌ను కొన్ని సెకన్లు పట్టి ఉంచితే అది మళ్లీ గుర్తుకు తెచ్చుకుంటుంది. స్టీరింగ్ బొమ్మో, జారుడు గుర్తో వెలిగితే స్టీరింగ్‌ను ఒకసారి పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, కొద్ది దూరం తిన్నగా నడిపితే సాధారణంగా ఆరిపోతుంది. ఆటోమేటిక్ గేర్లు కొన్ని రోజులు మొరటుగా పడవచ్చు. ఆ రోజుల్లో యాక్సిలరేటర్‌ను మృదువుగా తొక్కడం మంచిది. బాగా అరిగిన గేర్‌బాక్స్ ఉన్న బండిలో రీసెట్‌కు ముందు మరోసారి ఆలోచించాలి, ఎందుకంటే అరుగుదలను ఇన్నాళ్లూ కప్పి ఉంచింది ఆ నేర్చుకున్న దిద్దుబాట్లే.

కాలుష్య తనిఖీలో ఓబీడీ సాకెట్‌ను చూసే చోట్ల ఉన్నవారికి ఇంకొక సంగతి ముఖ్యం. కోడ్‌లు చెరిపిన క్షణం నుంచి కంప్యూటర్ తన ఆత్మపరీక్షలన్నీ మొదటి నుంచి చేయాలి, అవి పూర్తి కాలేదని తనిఖీ యంత్రానికి తెలుస్తుంది. మంట తప్పడం, ఇంధన నియంత్రణ వంటివి ఎప్పటికప్పుడు జరిగే పరీక్షలు. క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, ఇంధన ఆవిరి వ్యవస్థల పరీక్షలకు తగిన పరిస్థితులు కుదరాలి. రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, కొద్దిసేపు ఐడ్లింగ్‌లో ఉంచి, తర్వాత నిలకడైన వేగంతో హైవే మీద కొంత దూరం నడిపి, బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గనిస్తే చాలా పరీక్షలు పూర్తవుతాయి. ఆవిరి పరీక్షకు ట్యాంకు మరీ నిండుగానూ మరీ ఖాళీగానూ ఉండకూడదు, చాలా కార్లలో సుమారు 15 నుంచి 85 శాతం మధ్య ఇంధనం ఉంటేనే అది మొదలవుతుంది. ఏ పరీక్ష ముగిసిందో, ఏది మిగిలిందో ఫోన్ యాప్‌లోని రెడీనెస్ పేజీ చూపిస్తుంది. అమెరికాలో 2010 మోడల్ కాలం నుంచి వచ్చిన కార్లలో పర్మనెంట్ కోడ్‌లని ఇంకో రకం ఉంది. వాటిని స్కానర్ చెరపలేదు, బ్యాటరీ తీసినా అవి పోవు, సంబంధిత పరీక్ష నెగ్గిందని కంప్యూటర్ తానే నిర్ధారించుకున్నాకే తీసేస్తుంది. తనిఖీకి ముందురోజు రాత్రి లైటు ఆర్పి పొద్దున్నే వెళదామనుకునేవారికి ఇది దారి మూసేస్తుంది కాబట్టి, మరమ్మతూ రీసెట్టూ కొన్ని వారాల ముందే ముగించి, రెడీనెస్ పేజీలో అన్ని పరీక్షలూ పూర్తయ్యాయని, పెండింగ్ కోడ్‌ల పేజీ ఖాళీగా ఉందని, లాంగ్ టర్మ్ ట్రిమ్ సున్నాకు దగ్గర్లో నిలిచిందని చూసుకున్నాకే తనిఖీకి వెళ్లాలి.